యంత్రం మాట్లాడుతున్నది - పిల్లవాడి మాట ఎక్కడ?

గత వానాకాలంలో మా బడి తొమ్మిదో తరగతి పిల్లలను ‘మా ఊరి చెరువు’ అన్న విషయం మీద వ్యాసం రాసుకుని రమ్మన్నాను. వచ్చిన వ్యాసాల్లో పదకొండు ఒకే మూసలో పోసినట్టున్నాయి. చెరువు గ్రామానికి జీవనాడి అని మొదలవుతాయి. నడుమ పక్షుల కిలకిలారావాలు, పచ్చని ప్రకృతి, మనసుకు ఆహ్లాదం. నీటి వనరులను కాపాడుకోవడం మనందరి కర్తవ్యం అన్న మాటతో ముగుస్తాయి. అక్షరదోషం ఒక్కటి లేదు. ఫోనులో కృత్రిమ మేధను అడిగితే రాసి ఇచ్చిందని పిల్లలు దాపరికం లేకుండానే చెప్పారు.

ఆ పదకొండు మందిలో ఒకడి తాత మా ఊరి చెరువులోనే వల వేస్తాడు. వాణ్ణి దగ్గరికి పిలిచి, కాగితం పక్కన పెట్టి చెరువు సంగతి నోటితో చెప్పమన్నాను. వాడు చెప్పింది యిది: “పోయినేడు మత్తడి దుంకినప్పుడు మా తాత తెల్లందాక కట్ట మీదనే ఉన్నడు సార్. పోసిన చేపపిల్లలు మత్తడి మీదికెల్లి కొట్టుకపోతయని అడ్డం జాలి కట్టిండ్రు. అయినా ఆగలే. ఆ యేడు సంగపోల్లకు అప్పే మిగిలింది.” ఇదంతా ఎందుకు రాయలేదురా అని అడిగాను. “గది వ్యాసమెట్లయితది సార్?” అన్నాడు.

ఆ ప్రశ్నకు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ఎందుకంటే ఆ ప్రశ్న వాడికి ఫోను నేర్పింది కాదు, నేను నేర్పింది. ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు అనే మూడు గదులు గీసి, వాటిలో పట్టేదే వ్యాసమని పదిహేనేళ్లుగా చెప్పిన ఉపాధ్యాయుల్లో నేనూ ఒకణ్ణి. ఫోను రాకముందు ఆ గదులను నింపింది బజారులో దొరికే గైడు. గైడులోని చెరువులోనూ పక్షులు కిలకిలమనేవి, జాలి తెగేది కాదు. గైడు చూసి రాసిన పిల్లలకు మార్కులు వేశాం. ఇప్పుడు అదే వ్యాసాన్ని యంత్రం రాస్తే కలవరపడుతున్నాం. మన కలవరంలో నిజాయితీ ఎంత వుందో ముందు తేల్చుకోవాలి.

విద్యలో సాంకేతిక సాధనాల గురించి జరిగే చర్చల్లో సాధారణంగా రెండు పక్షాలు కనిపిస్తాయి. ఒక పక్షం ప్రతి కొత్త యంత్రమూ పేదపిల్లల చదువును ఒక్కసారిగా బాగుచేస్తుందంటుంది. రెండో పక్షం ప్రతి కొత్త యంత్రమూ చదువును చెడగొడుతుందంటుంది. ఇద్దరూ యంత్రాన్ని విడిగా, దానికదే ఒక శక్తిగా చూస్తున్నారు. నా అభిప్రాయంలో అడగవలసిన ప్రశ్న వేరు. ఆ సాధనంలో మాట్లాడేది ఎవరు? వినేది ఎవరు? విన్నవాడు తిరిగి మాట్లాడటానికి దారి వుందా? ఆ మాట వల్ల అవతలివాడికి ఏమైనా తెలిసివస్తుందా?

ఈ ప్రశ్న కొత్తది కాదు. జర్మన్ నాటకకర్త బెర్టోల్ట్ బ్రెహ్ట్ 1932లో రేడియో గురించి మాట్లాడుతూ దాదాపు ఇదే వాదన చేశాడు. రేడియో పంచిపెట్టే సాధనంగా మాత్రమే వుందనీ, శ్రోత చేత వినిపించడమే కాక మాట్లాడించగలిగినప్పుడే అది నిజమైన ప్రజాసాధనం అవుతుందనీ ఆయన భావం. అంతకు మూడేళ్ల ముందు, 1929లో, లిండ్‌బర్గ్ విమానయానం మీద రాసిన రేడియో నాటికలో వైమానికుడి పాత్రను శ్రోతే పాడాలని ఆయన ఏర్పాటు చేశాడు. వాద్యం, తక్కిన గొంతులు రేడియోవి, ముఖ్యపాత్ర ఇంట్లో కూర్చున్న శ్రోతది. వింటూ కూర్చోవడం కాక పాల్గొనడమే నేర్చుకోవడమని చెప్పడానికి చేసిన ప్రయోగం అది.

బ్రెహ్ట్ ప్రశ్నను మన నేల మీద జరిగిన ఒక పెద్ద ప్రయోగానికి అన్వయించి చూద్దాం. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఏడాదికి ఎరవిచ్చిన ఏ.టి.ఎస్-6 ఉపగ్రహం ద్వారా మన దేశంలో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. దాని పేరు సైట్. నాటి ఆంధ్రప్రదేశ్‌లో మెదక్, హైదరాబాదు, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల గ్రామాలు అందులో వున్నాయి. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. ఉదయం వున్న గంటన్నరలో హిందీ, కన్నడం, ఒరియా, తెలుగు పిల్లలకు తలా 22½ నిమిషాలు.

మా మేనమామ అప్పుడు మెదక్ జిల్లా పల్లెలో నాలుగో తరగతి చదువుతున్నాడు. బడి దగ్గర ఇనుప తీగలతో అల్లిన పెద్ద గొడుగును తిరగేసి పెట్టారని యిప్పటికీ చెబుతాడు. సాయంత్రం ఊరంతా వచ్చి నేల మీద కూర్చునేది. ఒకనాడు విజ్ఞాన పాఠం అయిపోయాక పిల్లలు తమ పంతులు చుట్టూ చేరి, టీవీలో చూపినదాని గురించి ఏదో సందేహం అడిగారట. ఆయన నవ్వి, “నేను గూడ మీ తోటే చూస్తి గదరా, నాకేం ఎరుక?” అన్నాడట. మేనమామ దీన్ని నవ్వులాటగా చెబుతాడు. నాకు మాత్రం ఆ పంతులు స్థితి నవ్వులాటగా తోచదు. అంతదాకా తరగతిలో చెప్పేవాడుగా వున్న మనిషిని యంత్రం పిల్లలతోపాటు వినేవాడుగా కూర్చోబెట్టింది.

ఆ ప్రయోగాన్ని తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. యశ్‌పాల్ ఆధ్వర్యంలో తయారైన పిల్లల విజ్ఞాన కార్యక్రమాలు చుట్టూ కనిపించే వస్తువులను పరిశీలించి ప్రశ్నించడాన్ని ప్రోత్సహించాయి. ఆ ఏడాదిలోనే యాభై వేలకు దగ్గరగా ప్రాథమికోపాధ్యాయులకు విజ్ఞాన బోధనలో శిక్షణ ఇచ్చారు. పిల్లల భాషాశక్తి కొంత పెరిగిందని తర్వాతి మదింపులు చెప్పాయి. కానీ బడిలో చేరే పిల్లల సంఖ్యలోగాని, మానేసేవాళ్ల సంఖ్యలోగాని చెప్పుకోదగ్గ మార్పు రాలేదని కూడా తేలింది. బడి మానేసిన పిల్లవాడు పాఠం బాగాలేక మానలేదు. జీతానికి కుదిరాడు, పశువుల వెంట పోయాడు, తమ్ముణ్ణి ఎత్తుకుని ఇంటి దగ్గర వుండిపోయాడు. ఆకాశం నుంచి వచ్చే పాఠం ఆ కారణాలను తాకలేదు.

ఇంకొక సంగతి మరువరాదు. దేశంలో అత్యవసర పరిస్థితి 1975 జూన్ 25 నుంచి 1977 మార్చి 21 దాకా వుంది. అంటే సైట్ నడిచిన ఏడాది మొత్తం ఆ చీకటిలోనే గడిచింది. పత్రికల మీద సెన్సారు వున్న కాలంలో పల్లెకు టెలివిజన్ వచ్చింది. చదువుకున్నవాళ్ల నోళ్లు మూసిన రాజ్యమే చదువురానివాళ్ల ముందు మాట్లాడే పెట్టెను పెట్టింది. ఉపగ్రహాన్ని నడిపిన శాస్త్రజ్ఞుల చిత్తశుద్ధిని నేను శంకించడం లేదు. కానీ మాట పైనుంచి కిందికి మాత్రమే పారే ఏర్పాటు ఆ రోజుల రాజకీయానికి ఇబ్బంది కలిగించలేదన్నది స్పష్టం.

ఈ ఏర్పాటు ఆ తర్వాత కూడా మారలేదు. విద్య కోసమే తయారైన ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని 2004 సెప్టెంబరు 20న మన శ్రీహరికోట నుంచే పంపారు. అవతలి ఉపాధ్యాయుణ్ణి ప్రశ్న అడిగే వీలు అందులో కొన్ని కేంద్రాలకు వుండింది గాని, పల్లెబడి పిల్లవాడికి అది చాలావరకు చూసే పాఠమే. 2020 మార్చిలో కరోనాతో బడులు మూతపడ్డాయి. ఆ సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానెళ్ల ద్వారా పాఠాలు మొదలయ్యాయి. మేము ఇల్లిల్లూ తిరిగి పిల్లలు చూస్తున్నారో లేదో రాసుకోవాలి. కొన్ని ఇళ్లల్లో టీవీ లేదు, పక్కింటి గడపలో కూర్చుని చూశారు. ఫోను వున్న ఇంట్లో అది తండ్రితోపాటు పనికి పోయేది. ఒక వాకిట్లో ఏడో తరగతి పిల్ల నాతో అన్న మాట యిప్పటికీ చెవిలో వుంది: “టీవీల సారు ‘అర్థమైందా పిల్లలూ’ అని అడుగుతడు సార్. మేం చెప్పే లోపట్నే ‘సరే’ అని ముంగటికి పోతడు.”

ఏ విద్యావేత్తా ఇంత సూటిగా చెప్పలేడనిపించింది. ఆ ‘సరే’ మన విద్యావిధానం మొత్తానికి వర్తిస్తుంది. సైట్ కార్యక్రమాలతో సంబంధం వున్న యశ్‌పాల్ అధ్యక్షతనే పాఠశాల చదువు బరువు మీద ఒక సంఘం ఏర్పడి 1993లో నివేదిక ఇచ్చింది. సంచీ బరువు కన్నా అర్థంకానితనం పెద్ద బరువని ఆ నివేదిక సారాంశం. పిల్లకు అర్థం కాలేదని చెప్పే అవకాశం లేని చోట ఆ బరువు ఎవరికీ కనబడదు. టీవీ దాన్ని దాస్తుంది. నలభై ఐదు నిమిషాలు ఏకబిగిన మాట్లాడే ఉపాధ్యాయుడూ దాస్తాడు.

అయితే సాధనం ఎప్పుడూ ఇట్లాగే వుండవలసిందేనా? కాదనడానికి సైట్ గొడుగులు నిలిచిన మెదక్ జిల్లాలోనే ఒక నిదర్శనం వుంది. జహీరాబాదు ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల్లోని పేద దళిత స్త్రీలు ఝరాసంగం మండలం మాచనూరులో సొంత రేడియో పెట్టుకున్నారు. ఆ ఊరు యిప్పుడు సంగారెడ్డి జిల్లాలో వుంది. యునెస్కో సాయంతో 1990ల చివరనే స్టుడియో ఏర్పడినా గాలిలోకి పంపే అనుమతి మాత్రం రాలేదు. దాదాపు పదేళ్లు వాళ్లు తమ మాటలను, పాటలను క్యాసెట్లలో పట్టి సంఘాలకు పంచి వినిపించారు. 1995లో సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. 2006లో స్వచ్ఛంద సంస్థలకు సాముదాయక రేడియో అనుమతినిచ్చే విధానం వచ్చింది. 2008 అక్టోబరు 15న ‘సంగం రేడియో’ ప్రసారం మొదలైంది.

అందులో విత్తనం దాచే పద్ధతి, జొన్న, సజ్జ పంటలు, పండుగ పాటలు, పశువుల మందులు అన్నీ ఆ స్త్రీల నోటి తెలుగులోనే వుంటాయి. రికార్డు చేసేదీ, కూర్చేదీ, వినిపించేదీ వాళ్లే. 1975లో ఆ జిల్లా ఆడవాళ్లు వ్యవసాయం గురించి పైనుంచి వచ్చిన మాట విన్నారు. 2008లో వ్యవసాయం గురించి వాళ్లు చెబుతుంటే పక్క ఊరు వింటున్నది. తరంగం అదే జాతిది, దాని కొస ఎవరి చేతిలో వుందన్నదే మారింది. ఆ కొసను రాజ్యం పూర్తిగా వదిలిందని కాదు. సొంత వార్తలు ప్రసారం చేసే హక్కును 2006 విధానం ఇవ్వలేదు. విత్తనం గురించి మాట్లాడవచ్చు, ఆ విత్తనం గురించిన వార్త మాత్రం సొంతంగా చెప్పకూడదు.

బడిలోనూ ఇట్లాంటి పని సాధ్యమేనని ఫ్రాన్సులో ఒక ప్రాథమికోపాధ్యాయుడు నిరూపించాడు. సెలెస్తాఁ ఫ్రెనే మొదటి ప్రపంచ యుద్ధంలో ఊపిరితిత్తికి గాయమై తిరిగివచ్చాడు. ఎక్కువసేపు మాట్లాడలేని పంతులు. 1920లలో బార్-సుర్-లూ అనే పల్లెబడిలో ఆయన ఒక చిన్న అచ్చుయంత్రం కొని పిల్లల ముందు పెట్టాడు. పిల్లలు తమ ఇంటి సంగతులు, ఊరి సంగతులు చెబుతారు, రాస్తారు, తరగతి అంతా కూర్చుని సరిదిద్దుతుంది, సీసపు అక్షరాలు వాళ్లే పేర్చి అచ్చువేస్తారు. ఆ కాగితాలు దూరపు బడి పిల్లలకు పోతాయి, అక్కడి పిల్లల కాగితాలు యిక్కడికి వస్తాయి. తర్వాత ఆయన పనిచేసిన ఊళ్లో ఈ పద్ధతి మీద పెద్ద గొడవ జరిగి, ఆయన సర్కారు బడి వదిలి 1935లో వాన్స్‌లో సొంత బడి పెట్టుకోవలసి వచ్చింది. పిల్లలు ఉన్నది ఉన్నట్టు రాసి అచ్చువేస్తే ఊరి పెద్దలకు నచ్చకపోవడం ఒక్క ఫ్రాన్సులోనే జరిగేది కాదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. టీవీ బదులు చెప్పదు గాని, కృత్రిమ మేధ బదులు చెబుతుంది కదా? పిల్లవాడు ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు కదా? బ్రెహ్ట్ కోరింది యిదే కదా? ఈ ఆక్షేపణ తేలికగా తోసేయదగింది కాదు. నలభై మంది వున్న తరగతిలో ప్రతి పిల్లవాడి సందేహానికీ నేను ఆగలేను. లెక్క రాని పిల్లకు రాత్రిపూట ఇంకోసారి విడమర్చి చెప్పే సాధనం దొరికితే అది మేలే. ఆ మేలును కాదనే హక్కు ఇంట్లో ట్యూషను పెట్టుకోగలిగినవాళ్లకు అసలే లేదు.

కానీ వ్యాసరచన దగ్గరికి వచ్చేసరికి తేడా బయటపడుతుంది. ఈ యంత్రం పనిచేసే తీరు స్థూలంగా యిది. అపారమైన రాతను దానికి మేపుతారు. ఏ మాట తర్వాత ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశం వుందో దాని నుంచి అది నేర్చుకుంటుంది. కాబట్టి ప్రత్యేకించి ఏమీ చెప్పకుండా చెరువు మీద వ్యాసం అడిగితే, చెరువు గురించి అందరూ ఎక్కువగా రాసిందే ఇస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా వున్నవాళ్లు 8 కోట్ల 11 లక్షలు. ఇంటర్నెట్టులో వున్న తెలుగు రాత ఆ సంఖ్యకు తగినంత లేదు. మత్తడి, తూము, జాలి, సంఘం అప్పు ఆ రాతలో ఎక్కడో మూలన వుంటాయి. కిలకిలారావాలు మాత్రం కావలసినన్ని వున్నాయి. వాటిని అక్కడ పెట్టింది ఎవరు? పాఠ్యపుస్తకాలు రాసినవాళ్లం, గైడులు కూర్చినవాళ్లం, పల్లెను పచ్చని బొమ్మగా వర్ణించిన కవులం, ఆ వర్ణనను మెచ్చుకున్న విమర్శకులం. యంత్రం మనకు మన రాతనే చూపిస్తున్నది.

ఈ జబ్బు తెలుగులో పాతదే. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా వున్న గిడుగు రామమూర్తి సవరల భాష నేర్చుకుని ఆ పిల్లల కోసం వాళ్ల భాషలోనే పుస్తకాలు తయారుచేశాడు. 1910లలో ఆయన వాడుకభాష కోసం చేసిన పోరాటంలో ఒక ముఖ్యమైన అంశం బడిపిల్లలు వ్యాసం ఏ భాషలో రాయాలన్నదే. ఆ పోరాటం వల్ల గ్రాంథిక వ్యాకరణం బడి గడప దిగింది. కానీ గ్రాంథిక మనస్తత్వం దిగలేదు. ‘వ్యాసానికి తగిన విషయం’ అన్న పేరుతో లోపలే వుండిపోయింది. మా పిల్లవాడు వాడుకభాషలోనే రాశాడు, వాడని జీవితం గురించి రాశాడు.

రెండో తేడా ఇంకా ముఖ్యమైంది. జాలి తెగిన సంగతి పిల్లవాడు యంత్రానికి చెప్పినా, ఆ సంగతి అవసరమైన మనిషి అవతల ఎవరూ లేరు. సానుభూతిగా నాలుగు వాక్యాలు వస్తాయి. కానీ చేపలు పోయిన సంగతి ఎవరికీ కొత్తగా తెలియదు, ఎవరూ దాని గురించి ఆలోచనలో పడరు. ఫ్రెనే పిల్లల కాగితం చదవడానికి ఇంకో బడి కాచుకుని వుండేది. మాచనూరు గొంతు వినడానికి ఇంకో ఊరు వుంది. కనుక తిరిగి మాట్లాడే వీలు మాత్రమే చాలదు, మాట ఇంకో మనిషికి చేరాలి. రాయడం నేర్చుకోవడమంటే నాకు తెలిసినది నీకు తెలియదు అన్న సంగతిని గుర్తించి చెప్పడం నేర్చుకోవడం. పరీక్ష పేపరు దిద్దే ఉపాధ్యాయుడు పిల్లవాడి నుంచి ఏదీ తెలుసుకోవాలనుకోడు. అందుకే పిల్లవాడు అతనికి ఏదీ చెప్పడు.

ఈ ఆలోచనతో నేను చేసిన ప్రయత్నం చిన్నది. ఫోనును నిషేధించలేదు. దానిలోని రికార్డరు వాడి, ఇంట్లో ముసలివాళ్లను అడిగి చెరువు సంగతులు పట్టుకుని రమ్మన్నాను. విని రాసుకున్నారు. తప్పులున్నా మాట మార్చకుండా గోడపత్రిక మీద పెట్టాం. వాటి నకళ్లను ముప్ఫై కిలోమీటర్ల దూరంలో చెరువు లేని ఊళ్లో నా మిత్రుడు పనిచేసే బడికి పంపాను, వాళ్ల బోర్ల సంగతి రాయమని అడిగాం. దీనివల్ల అంతా మారిపోయిందని చెప్పను. పదకొండు మందిలో నలుగురు రెండోసారి కూడా ఫోను రాసిన వ్యాసమే తెచ్చారు. ఒక తండ్రి వచ్చి, ఇట్లా రాస్తే పరీక్షలో మార్కులు ఎవరిస్తారని నిలదీశాడు. న్యాయమైన ప్రశ్న. పేపరు దిద్దేవాళ్ల మూడు గదులు మారనంతకాలం నేను ఆయనకు పూచీ ఇవ్వలేను.

ఈ పని ఉపాధ్యాయులు ఒక్కరే చేయగలిగింది కాదు. ట్యాబులు ఎన్ని పంచారన్న లెక్క కాక, వాటి ద్వారా పిల్లల మాట ఎంత బయటికి వచ్చిందన్న లెక్క ప్రభుత్వాలను అడగాలి. రచయితలు బహుమతులివ్వడానికి కాక, పిల్లలు రాసింది చదివి ప్రశ్నలు వేయడానికి బడులకు రావాలి. సాహిత్య విద్యార్థులు ఎమ్.ఏ. తరగతిలో నేర్చిన వస్తు శిల్ప చర్చను ఒక్కసారి పదో తరగతి వ్యాసం మీద పెట్టి చూడాలి. ‘ఇది వ్యాసం ఎట్లయితది’ అన్న ప్రశ్నకు జవాబు బాధ్యత విమర్శకుడిదే.

పదిహేను రోజులకు అవతలి బడి నుంచి ఉత్తరాలు వచ్చాయి. మా చేపలవాళ్ల పిల్లవాడికి ఒక అమ్మాయి మూడు ప్రశ్నలు రాసింది. జాలి ఎవరు కొన్నారు? ఎన్ని చేపపిల్లలు పోయాయి? పోయిన చేపలు కింది చెరువులో దొరికితే అవి ఎవరివి? మూడో ప్రశ్నకు జవాబు వాడికీ తెలియదు, నాకూ తెలియదు. ఆ సాయంత్రం వాడు ఫోను తీసుకుని తాత దగ్గరికి పోయాడు. మరునాడు రెండు పేజీలు రాసుకుని వచ్చాడు. అందులో ఉపోద్ఘాతం లేదు.